పక్క ల్యాండ్ ట్రస్ట్‌తో విలీనమా, భాగస్వామ్యమా? ముందు ఈజ్‌మెంట్ ఫైళ్ళు తెరవండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయిలో పనిచేసే ఒక చిన్న ల్యాండ్ ట్రస్ట్, అంటే భూములు ప్లాట్ల పాలు కాకుండా కాపాడే లాభాపేక్ష లేని సంస్థ. చేతిలో 38 కన్జర్వేషన్ ఈజ్‌మెంట్లు (యజమాని తన భూమి మీద కొన్ని హక్కులు శాశ్వతంగా వదులుకుంటూ రాసిచ్చిన పత్రాలు), సొంత పేరు మీద 5 భూములు, ఖాతాలో 4,10,000 డాలర్లు ఉన్నాయి. ఒక్కరే పార్ట్‌టైమ్ ఉద్యోగి, మిగతా పనంతా వాలంటీర్లదే. స్థాపించినవాళ్ళు డెబ్బై దాటారు. పక్క కౌంటీల్లో ఉన్న పెద్ద ట్రస్ట్ 'కలిసిపోదాం రండి' అంటోంది. ఈమధ్యే ట్రెజరర్ బాధ్యత తీసుకున్న మీరు విలీనం మంచిదా, భాగస్వామ్యంతో సరిపోతుందా, ఏది ముందు ఏది వెనక చెయ్యాలి అని అడిగారు.

విలీనంలో చేతులు మారే అసలు సరుకు ఈజ్‌మెంట్లే. డబ్బు, ఆఫీసు, ఉద్యోగుల సంగతి ఆ తర్వాతే. అందుకని బోర్డులో ఓటింగ్ పెట్టకముందే, లాయరును కలవకముందే రెండువైపులా ఈజ్‌మెంట్ ఫైళ్ళు చదవండి. అవి సవ్యంగా ఉంటే మిగతా చిక్కులు విప్పుకోవచ్చు. లేకపోతే రెండు బోర్డుల మధ్య ఎంత సఖ్యత ఉన్నా మూడు నాలుగేళ్ళలో గొడవలు మొదలవుతాయి.

ఈ రంగం కొత్తగా వింటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈజ్‌మెంట్ ఇచ్చినా భూమి యజమాని పేరు మీదే ఉంటుంది. పంట వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ప్లాట్లు వేసే హక్కు, ఇన్ని ఇళ్ళకు మించి కట్టే హక్కు మాత్రం శాశ్వతంగా వదులుకుంటాడు. ఆ పత్రం కౌంటీలో రిజిస్టరవుతుంది, భూమి ఎన్ని చేతులు మారినా వెంటే వస్తుంది. దానంగా ఇచ్చినవాళ్ళకు ఫెడరల్ పన్ను చట్టం సెక్షన్ 170(హెచ్) కింద మినహాయింపు దొరుకుతుంది. 2015లో శాశ్వతం చేసిన నిబంధన ప్రకారం ఏడాదికి ఆదాయంలో 50 శాతం వరకు, అర్హత ఉన్న రైతులైతే 100 శాతం వరకు చూపించుకోవచ్చు. మిగిలిపోయింది మరో 15 ఏళ్ళపాటు వాడుకోవచ్చు. ఇంత పెద్ద మినహాయింపు ఇస్తున్నందుకు ట్రెజరీ నిబంధనలు ఒక షరతు పెట్టాయి: పుచ్చుకున్న సంస్థకు ఆ భూమిని కాపాడే నిబద్ధత ఉండాలి, షరతులు అమలు చేయించే స్తోమత కూడా ఉండాలి. మీ ట్రస్ట్‌కు ఆ స్తోమత ఇంకా ఎన్నేళ్ళు ఉంటుందన్నదే మీ ముందున్న అసలు ప్రశ్న.

దానికి లెక్క వేసి చూడండి. ఒక ఈజ్‌మెంట్‌ను ఏడాదికోసారి చూసిరావడానికి ప్రయాణం, నడక, ఫోటోలు, రిపోర్టు, యజమానితో మాటలు అన్నీ కలిపి 12 గంటలు పడుతుందనుకుందాం. గంటకు 45 డాలర్ల చొప్పున 540. పెట్రోలు, మ్యాపులు, ఆఫీసు ఖర్చు 160. మొత్తం 700 డాలర్లు. నిధి నుంచి ఏటా 4 శాతం మించి తీయకూడదనుకుంటే ఒక్కో ఈజ్‌మెంట్‌కు 17,500 డాలర్ల మూలధనం కావాలి. 38 ఈజ్‌మెంట్లకు 6,65,000. మీ 4,10,000లో 90,000 ఒక ప్రత్యేక భూమిలో కాలిబాట కోసమని దాత ఇచ్చినదని రాశారు, అది పక్కన పెడితే మిగిలేది 3,20,000. అంటే 3,45,000 తక్కువ. ఇందులో కోర్టు ఖర్చుల నిధి లేదు, సొంత భూముల నిర్వహణ లేదు. వాలంటీర్లు ఉచితంగా చేస్తున్నారు కాబట్టి ఈ లోటు ఇన్నాళ్ళూ కనబడలేదు. వాళ్ళు తప్పుకున్న ఏడాది నుంచి కనబడుతుంది. మీ దగ్గర గంటల లెక్క వేరుగా ఉండొచ్చు, మీ అంకెలతో మళ్ళీ వేసుకోండి. ఇదే లెక్క అవతలి ట్రస్ట్‌కూ వెయ్యాలి. పెద్ద ట్రస్టు అయినంతమాత్రాన నిధి నిండుగా ఉంటుందని అనుకోవద్దు. ఉద్యోగులు ఎక్కువ ఉండి, స్టీవార్డ్‌షిప్ నిధి (ఈజ్‌మెంట్ల కాపలా ఖర్చు కోసం పెట్టుకున్న నిధి) పలచగా ఉన్న ట్రస్టులు ఉన్నాయి. అలాంటివి ఏటా కొత్త ప్రాజెక్టులకు వచ్చే గ్రాంట్ల మీద నడుస్తుంటాయి.

విలీనం దాకా వెళ్ళకుండానే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే తేలిక మానిటరింగ్ కాంట్రాక్టు: ఈజ్‌మెంట్‌కు ఇంత అని డబ్బు కట్టి, పెద్ద ట్రస్ట్ ఉద్యోగుల చేత మీ భూములు చూపించుకోవడం. బాధ్యత మీదే, కాళ్ళు వాళ్ళవి. ఇందులో చెడేది ఒక్కచోటే. ఉల్లంఘన కనబడినప్పుడు యజమానికి ఉత్తరం ఎవరు రాయాలో, ఎన్ని రోజుల్లో రాయాలో ఒప్పందంలో ఉండదు. వాళ్ళు చెప్పారని మీరు, మీరు చూసుకుంటారని వాళ్ళు అనుకుంటారు. ఆరు నెలలు గడిచేసరికి షెడ్డు కాస్తా ఇల్లవుతుంది.

ఒకే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌ను ఇద్దరూ పంచుకోవడం ఇంకో పద్ధతి. జీతం ఎవరి ఖాతా నుంచి, ఏడాది చివర పనితీరు ఎవరు చూస్తారు, ఒకే ఫౌండేషన్‌కు ఇద్దరూ దరఖాస్తు పెడితే ఆయన ఎవరి తరఫున మాట్లాడాలి అన్నవి ముందే రాసుకోవాలి. ఒకే ఈజ్‌మెంట్‌ను ఇద్దరూ కలిసి పట్టుకునే కో-హోల్డింగ్ కాగితం మీద బలంగా కనిపిస్తుంది గానీ, దానికీ విడిగా ఒప్పందం ఉండాలి. లేకపోతే చిన్న సవరణకు కూడా రెండు బోర్డుల అనుమతి కావాలి, కోర్టుకెళ్ళాల్సి వస్తే నువ్వంటే నువ్వని చూసుకుంటారు. న్యూ ఇంగ్లండ్‌లో ప్రాంతీయ కన్జర్వేషన్ భాగస్వామ్యాలు చాలా నడుస్తున్నాయి. ట్రస్టులు, పట్టణాలు, రాష్ట్ర శాఖలు కలిసి ఒకే మ్యాపు మీద ప్రాధాన్యాలు గుర్తించి గ్రాంట్లు తెచ్చుకుంటాయి. కొత్త భూముల్ని కాపాడటానికి ఇవి బాగా పనికొస్తాయి. మీకు కొరత ఉన్నది పాత భూముల కాపలాలో, కాబట్టి మీ జబ్బుకు ఇది మందు కాదు.

విలీనానికి ఒక మెట్టు కింద ఉన్నది అనుబంధ సంస్థగా మారడం. మీ బైలాస్ మార్చి పెద్ద ట్రస్ట్‌ను ఏకైక సభ్యుడిగా పెడతారు. బోర్డును వాళ్ళే నియమిస్తారు. మీ పేరు, పన్ను గుర్తింపు సంఖ్య, 501(సి)(3) అనే పన్ను మినహాయింపు హోదా, ఈజ్‌మెంట్లు అన్నీ యథాతథంగా ఉంటాయి. ఒక్క పత్రం కూడా మళ్ళీ రిజిస్టర్ చెయ్యనక్కర్లేదు. రెండు ఫారం 990లు (ఏటా పన్ను శాఖకు వేసే రిటర్న్), రెండు బీమాలు, రెండు సెట్ల మినిట్స్ తప్పవు. పూర్తి విలీనానికి ఊళ్ళో మనసులు సిద్ధంగా లేనప్పుడు రెండేళ్ళు ఇలా నడిపి చూడటం తెలివైన పని.

మీ ముందున్న పరిస్థితిని బట్టి నా అభిప్రాయం చెప్పమంటే, ముందు ఒక ఏడాది మానిటరింగ్ కాంట్రాక్టు, దానితోపాటే విలీనం కోసం ఫైళ్ళ పరిశీలన. ఆ ఏడాదిలో వాళ్ళ సిబ్బంది మీ 38 భూములూ తొక్కుతారు, వాళ్ళు పని చేసే తీరు మీరు చూస్తారు. తర్వాత తీసుకునే నిర్ణయం ఊహ మీద కాకుండా చూసినదాని మీద ఉంటుంది. డైరెక్టర్ మానేస్తున్నారనో, ఈ ఏడాది ఖాతా లోటులో ఉందనో మాత్రం విలీనానికి పరుగెత్తకండి. అలాంటి తొందరలో బేరమాడే శక్తి ముందే పోతుంది.

జరిగినవాటిలో చూడదగ్గవి మూడు చెప్తాను. ఒహాయోలో 2006లో ఎనిమిది స్థానిక ట్రస్టులు కలిసి వెస్టర్న్ రిజర్వ్ ల్యాండ్ కన్జర్వెన్సీ అయ్యాయి. మెయిన్ రాష్ట్రంలో 2016లో నాలుగు సంస్థలు కలిసి మిడ్‌కోస్ట్ కన్జర్వెన్సీ ఏర్పడింది. వాటిలో సరస్సును కాపాడే సంఘం ఉంది, నదీలోయ సంఘం ఉంది, అడవిలో ప్రకృతి పాఠాలు చెప్పే కేంద్రం కూడా ఉంది. అదే తీరంలో 2019లో డామరిస్కాటా రివర్ అసోసియేషన్, పెమాక్విడ్ వాటర్‌షెడ్ అసోసియేషన్ కలిసి కోస్టల్ రివర్స్ కన్జర్వేషన్ ట్రస్ట్ అయ్యాయి. మూడుచోట్లా కలిసినవాళ్ళు ఒకరికొకరు పొరుగువాళ్ళు. మూడుచోట్లా పాత పేర్లలో ఒకదాన్ని అందరి మీదా రుద్దకుండా కొత్త పేరు పెట్టుకున్నారు. పేరు చిన్న విషయమనిపిస్తుంది గానీ, ముప్పయ్యేళ్ళుగా చెక్కు రాస్తున్న దాతకు తన ట్రస్ట్‌ను ఎవరో మింగేశారనిపించడానికీ, తన ట్రస్ట్ పెద్దదైందనిపించడానికీ మధ్య తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక ఫైళ్ళు. గోప్యతా ఒప్పందం మీద రెండు బోర్డులూ సంతకం చేశాక, ఒక్కోవైపు నుంచి ముగ్గురితో ఉమ్మడి కమిటీ వెయ్యండి. మీ 38 ఫైళ్ళూ పూర్తిగా చూడాలి, అది పెద్ద సంఖ్య కాదు. వాళ్ళకు వందల్లో ఉంటే సవరణలు జరిగినవి, ఉల్లంఘనలు నమోదైనవి, బాగా పాతవి, బాగా కొత్తవి అన్నీ చూసి, మిగిలినవాటిలో పదింట ఒకటి చీటీ తీసినట్టు ఎంచుకోండి. ఒక్కో ఫైలులో ఇవి ఉండాలి:

– రిజిస్టరైన ఈజ్‌మెంట్ ప్రతి, బుక్కు, పేజీ నంబర్లతో సహా.
– బేస్‌లైన్ రిపోర్టు: ఈజ్‌మెంట్ రాసిననాటికి భూమి ఎలా ఉందో చెప్పే మ్యాపులు, ఫోటోలు, దాని మీద యజమానిదీ ట్రస్ట్‌దీ ఇద్దరి సంతకాలు. తేదీ ఈజ్‌మెంట్ రిజిస్టరైన రోజు లేదా దానికి ముందు ఉండాలి.
– టైటిల్ రిపోర్టు. మన దగ్గర ఈసీ తీసి చూసుకున్నట్టే ఇదీ.
– అప్పటికే భూమి మీద బ్యాంకు అప్పు ఉంటే, బ్యాంకు తన హక్కును ఈజ్‌మెంట్ తర్వాతి స్థానానికి తగ్గించుకుంటూ ఇచ్చిన పత్రం.
– ఏటా మానిటరింగ్ రిపోర్టులు, మధ్యలో ఖాళీ ఏళ్ళు లేకుండా.
– ఇచ్చిన అనుమతుల ఉత్తరాలు, సవరణలు, దాత ఫారం 8283 (దానమిచ్చిన ఆస్తి విలువ పన్ను శాఖకు చూపించే ఫారం) ప్రతి.
– ప్రస్తుత యజమాని పేరు, భూమి చేతులు మారిన తేదీ.

బ్యాంకు పత్రం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. 1990ల నాటి ఫైళ్ళలో అది లేకపోవడం మామూలే. అప్పు ముందు రిజిస్టరై, బ్యాంకు వెనక్కి తగ్గకపోతే, రేపు ఆ భూమి జప్తుకు వస్తే ఈజ్‌మెంట్ తుడిచిపెట్టుకుపోవచ్చు. దాత పన్ను మినహాయింపుకూ అదే గండం. ఆ అప్పు తీరిపోయిందని కౌంటీ రికార్డుల్లో తేలితే నిశ్చింత. తీరకపోతే ఇప్పుడైనా బ్యాంకును అడిగి పత్రం తెచ్చుకోవాలి, విలీనం హడావిడి మొదలయ్యాక ఎవరూ పట్టించుకోరు.

అనుమతుల ఉత్తరాలు ఎందుకంటే, 'ఇంకో రెండు ఇళ్ళు కట్టుకోవచ్చు' అన్న ఈజ్‌మెంట్‌లో ఇప్పటికే ఎన్ని కట్టారో చాలాసార్లు ఒక వాలంటీరు జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆయన ఉండగానే కాగితం మీద పెట్టండి. చేతులు మారిన భూముల్లో కనీసం నాలుగైదింటికి కమిటీ స్వయంగా వెళ్ళాలి. ఉల్లంఘనలు ఎక్కువగా వచ్చేది దాత దగ్గర కాదు, ఆ తర్వాత కొనుక్కున్నవాళ్ళ దగ్గర. వాళ్ళు ఈజ్‌మెంట్ చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు.

అవతలి ట్రస్ట్‌ను ఒక ప్రశ్న సూటిగా అడగండి: పెట్టుబడిదారుల బృందాలు పన్ను మినహాయింపు కోసమే భూమి కొని, విలువ పెంచి ఇచ్చిన సిండికేటెడ్ ఈజ్‌మెంట్లు మీ దగ్గరున్నాయా? ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్ 2017 నుంచి వీటి వెంటబడింది. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం పార్ట్‌నర్‌షిప్‌ల ద్వారా ఇచ్చేవాటిలో పెట్టుబడికి 2.5 రెట్లు మించిన మినహాయింపును, కొన్ని సందర్భాల్లో తప్ప, నిరాకరించింది. అలాంటివి ఒకటి రెండున్నా విచారణలు, కాగితాల కోసం సమన్లు కలిసిన తర్వాత మీ ఇంటికే వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువమంది జారిపడే చోటు ఇప్పుడు చెప్తున్నది. ఒకే చేతిలో భూమి, అదే భూమి మీద ఈజ్‌మెంట్ రెండూ పడితే ఈజ్‌మెంట్ కరిగిపోతుందనే పాత ఆస్తి సూత్రం ఉంది. మెర్జర్ డాక్ట్రిన్ అంటారు. ఎవరూ తమ భూమి మీద తమకే వ్యతిరేకంగా హక్కు పట్టుకోలేరన్నది దాని తర్కం. మీ 5 సొంత భూముల్లో ఒక చిత్తడినేల మీద ఈజ్‌మెంట్ ఆ పెద్ద ట్రస్ట్ దగ్గరే ఉందని రాశారు. రాష్ట్ర గ్రాంటుతో కొన్న భూముల్లో ఇలా భూమి ఒకరిది, ఈజ్‌మెంట్ ఇంకొకరిది చెయ్యడం రివాజు. విలీనమైన మరుక్షణం రెండూ ఒకే సంస్థవవుతాయి. కొన్ని రాష్ట్రాల చట్టాలు కన్జర్వేషన్ ఈజ్‌మెంట్లకు ఈ సూత్రం వర్తించదంటాయి, కొన్ని ఈజ్‌మెంట్లలోనే 'యాజమాన్యం కలిసినా ఇది చెల్లుతుంది' అన్న వాక్యం ఉంటుంది. ఆ రెండిటి మీదా భారం వేసి ఊరుకోవద్దు. విలీనం తేదీకి ముందే ఆ ఈజ్‌మెంట్‌ను అర్హత ఉన్న మూడో సంస్థకు, అంటే ఇంకో ట్రస్ట్‌కో రాష్ట్ర శాఖకో, బదిలీ చేసి కౌంటీలో రిజిస్టర్ చేయించండి. లేదా మూడో సంస్థను కో-హోల్డర్‌గా చేర్చండి. వరస ముఖ్యం: ముందు బదిలీ పత్రం రికార్డుకెక్కాలి, ఆ తర్వాతే విలీనం సర్టిఫికెట్. తీసుకునే సంస్థ తన స్టీవార్డ్‌షిప్ ఖర్చు అడుగుతుంది, గ్రాంటిచ్చిన రాష్ట్రం అనుమతి అడుగుతుంది. ఆరు నెలల ముందే కదలాలి. లాభాపేక్ష లేని సంస్థల చట్టం మాత్రమే తెలిసిన లాయరు దీన్ని వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే ఈజ్‌మెంట్లు రాసిన అనుభవం ఉన్న లాయరునే పెట్టుకోండి.

దీనికి తోబుట్టువు లాంటి చిక్కు ఇంకొకటి: మీరు చేతులెత్తేస్తే బాధ్యత తీసుకోవాల్సిన బ్యాకప్ హోల్డర్‌గా మీ ఈజ్‌మెంట్లలో చాలావాటిలో పక్క ట్రస్ట్ పేరే ఉండొచ్చు. కలిసిపోయాక బ్యాకప్ లేనట్టే. ఎన్నిటిలో అలా ఉందో జాబితా రాసుకుని, తర్వాత ఏ సవరణ వచ్చినా కొత్త పేరు చేర్చండి.

చట్టపరంగా దారులు రెండు. మొదటిది చట్టబద్ధ విలీనం. రెండు కార్పొరేషన్లలో ఒకటి మిగులుతుంది. మరొకదాని ఆస్తులు, అప్పులు, కాంట్రాక్టులు, ఈజ్‌మెంట్లు చట్టం దన్నుతో వాటంతటవే మిగిలినదానికి సంక్రమిస్తాయి. రెండోది ఆస్తుల బదిలీ చేసి మీ సంస్థను మూసెయ్యడం. అప్పుడు 38 ఈజ్‌మెంట్లకు 38 బదిలీ పత్రాలు, 5 భూములకు 5 డీడ్లు, అన్నీ విడివిడిగా రిజిస్టర్ కావాలి. అవతలివాళ్ళ పాత అప్పులూ దావాలూ తమ మెడకు చుట్టుకోకూడదనుకునేవాళ్ళు రెండోది ఎంచుకుంటారు. కానీ దానికో నష్టం ఉంది. వీలునామాల్లో మీ ట్రస్ట్ పేరు రాసినవాళ్ళు ఉంటారు. సంస్థ మూతబడ్డాక వాళ్ళు పోతే, ఆ సొమ్ము కొత్త సంస్థకు చెందాలా వద్దా అన్నది వివాదమవుతుంది. చట్టబద్ధ విలీనంలో మిగిలిన సంస్థే వారసురాలని చెప్పుకోవడం చాలా సులువు. పెద్ద దావా ఏదీ లేనప్పుడు నేను మొదటిదానికే మొగ్గుతాను. రెండోదారి తప్పనిసరైతే, గత 3 ఏళ్ళలో మీరు ఫారం 8283 మీద సంతకం చేసి పుచ్చుకున్న ఆస్తులకు ఫారం 8282 (అలాంటి ఆస్తి చేతులు మారిందని పన్ను శాఖకు తెలిపే ఫారం) వెయ్యాలా అని పన్నుల నిపుణుణ్ణి అడగండి. గడువు బదిలీ నుంచి 125 రోజులే.

ఓటింగ్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఏడాదికి 35 డాలర్లు కట్టినవాళ్ళందరినీ మీరు 'మెంబర్లు' అంటుంటారు. బైలాస్‌లో వాళ్ళకు ఓటు హక్కు ఉందా? ఉంటే బోర్డు తీర్మానం ఒక్కటే చాలదు, సభ్యుల సమావేశం పెట్టాలి. మూడింట రెండు వంతుల మద్దతు కోరే రాష్ట్రాలూ ఉన్నాయి. నోటీసు గడువు తప్పితే విలీనాన్నే ప్రశ్నించవచ్చు. రాష్ట్రంలో ధార్మిక సంస్థల మీద నిఘా ఉంచే ప్రభుత్వ న్యాయాధికారి, అంటే అటార్నీ జనరల్ పాత్ర కూడా చోటును బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో రెండు ప్రజాహిత సంస్థలు కలుస్తుంటే ఒప్పందం ప్రతిని కనీసం 20 రోజుల ముందు అందించాలి. న్యూయార్క్‌లో అటార్నీ జనరల్ ఆమోదమో కోర్టు ఆమోదమో ఉండాలి. అక్కడ దానికే నెలలు కేటాయించుకోండి.

అనుమతుల జాబితా మొదటి నెలలోనే మొదలుపెట్టండి. వ్యవసాయ శాఖ కింది ఎన్ఆర్‌సీఎస్ డబ్బుతో వచ్చిన వ్యవసాయ ఈజ్‌మెంట్లు, ఫారెస్ట్ లెగసీ కార్యక్రమంతో ముడిపడిన భూములు, కొలరాడోలో గ్రేట్ అవుట్‌డోర్స్ కొలరాడో, మెయిన్‌లో ల్యాండ్ ఫర్ మెయిన్స్ ఫ్యూచర్ లాంటి రాష్ట్ర నిధులు, ఏది తీసుకున్నా గ్రాంటు ఒప్పందంలో బదిలీ షరతు వెతకండి. మసాచుసెట్స్‌లో ఈజ్‌మెంట్‌కు సమానమైన కన్జర్వేషన్ రిస్ట్రిక్షన్లకు పట్టణం, రాష్ట్ర పర్యావరణ కార్యదర్శి ఆమోదాలు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ జాబితా ఇంకా పొడుగు. సొంత భూములకు ఆస్తిపన్ను మినహాయింపు కొత్త యజమాని పేరు మీద మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. కౌంటీ అసెస్సర్ ఇచ్చే గడువు తప్పితే ఏడాది పన్ను కట్టాల్సిందే. భూముల్ని కౌలుకిచ్చి ఉంటే ఆ రైతుల ఒప్పందాలు కూడా చూడండి.

షరతులతో ఇచ్చిన డబ్బు షరతులతోనే కదులుతుంది. కాలిబాట కోసం వచ్చిన 90,000 కొత్త సంస్థ సాధారణ ఖాతాలో కలిసిపోకూడదు, ప్రత్యేక నిధిగా పుస్తకాల్లో నిలవాలి. విలీన ఒప్పందానికి అనుబంధంగా ఒక పట్టిక పెట్టండి: నిధి పేరు, దాత షరతు యథాతథంగా, నేటి నిల్వ, ఏ భూమికి. పాత చిన్న నిధుల ప్రయోజనం నెరవేరిపోయి ఉంటే, సంస్థల నిధుల మీద అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండాలని రాయగా చాలా రాష్ట్రాలు ఆమోదించిన నమూనా చట్టం ప్రకారం 25,000 డాలర్ల లోపు, 20 ఏళ్ళు దాటిన నిధి షరతును అటార్నీ జనరల్‌కు నోటీసిచ్చి 60 రోజుల తర్వాత మార్చుకోవచ్చు. మీ రాష్ట్రం అంకెలు మార్చిందేమో చూసుకోండి.

ఇన్ని కాగితాలు సరిగ్గా ఉన్నా బేరం చెడేది మాత్రం మనుషుల దగ్గర. డైరెక్టర్ ఎవరు, పేరేమిటి, బోర్డులో మీకెన్ని సీట్లు, ఎన్నాళ్ళు అన్నవి చివరికి వదిలేస్తే, ఏడాది శ్రమ ఆఖరి వారంలో మట్టిలో కలుస్తుంది. అసలు ఒప్పందానికి ముందు రాసుకునే లెటర్ ఆఫ్ ఇంటెంట్‌లోనే ఇవి తేల్చండి. మీ ఊరి సలహా కమిటీని ఉంచుతామని వాళ్ళు తప్పకుండా అంటారు. ఆ కమిటీకి అధికారం ఏమిటో రాయించండి: మీరు తెచ్చిన స్టీవార్డ్‌షిప్ నిధి మీ 38 ఈజ్‌మెంట్లకే వాడాలి, మీ 5 భూముల్లో దేనినైనా అమ్మాలన్నా మార్పిడి చెయ్యాలన్నా కమిటీ లిఖిత అభిప్రాయం తీసుకోవాలి, కౌంటీలో కనీసం ఇన్ని గంటలు సిబ్బంది ఉండాలి. రాయని కమిటీ రెండేళ్ళకు మించి సమావేశమవదు.

ఉద్యోగి విషయంలో మీ పార్ట్‌టైమ్ మనిషితో ముందుగానే మాట్లాడండి. యజమానుల ఫోన్ నంబర్లు, ఎవరి గేటు తాళం ఎక్కడుందో, ఎవరితో ఎలా మాట్లాడాలో అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. ఆమె పోతే ఫైళ్ళున్నా సగమే ఉన్నట్టు. 403(బి) పింఛను పథకం రెండు చోట్లా ఉంటే, విలీనానికి ముందే మూసెయ్యాలా కలపాలా అన్నది పింఛను నిపుణుడితో తేల్చుకోవాలి.

మొత్తానికి 12 నుంచి 15 నెలలు పెట్టుకోండి. లాయర్లు, ఆడిట్, టైటిల్ పరిశీలన, డేటాబేస్ కలపడం కలిపి రెండు చిన్న ట్రస్టులకు కూడా పదుల వేల డాలర్లు అవుతుంది. స్థానిక కమ్యూనిటీ ఫౌండేషన్లు ఇలాంటి ఖర్చుకు గ్రాంట్లిస్తుంటాయి, మొదట్లోనే అడగండి. ల్యాండ్ ట్రస్టుల జాతీయ సంఘమైన ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్‌ను, ఇద్దరిలో ఎవరికైనా గుర్తింపు ఉంటే ఆ గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ కమిషన్‌ను కూడా ముందే సంప్రదించండి. గుర్తింపు దానంతటదే మీ ఈజ్‌మెంట్లను కప్పుతుందనుకోవద్దు. టెర్రాఫిర్మా బీమా (ఈజ్‌మెంట్లను కోర్టులో కాపాడుకునే ఖర్చుకు ల్యాండ్ ట్రస్టులు తీసుకునేది) ఉంటే కొత్తగా చేరే ఈజ్‌మెంట్ల జాబితా వాళ్ళకు ఎప్పటిలోగా ఇవ్వాలో కనుక్కోండి. తెలిసిన ఉల్లంఘనల్ని దాచి చేర్చితే అసలు అవసరమైన రోజున బీమా ఆదుకోదు.

విలీనం తేదీ డిసెంబరు 31 అయితే పుస్తకాలు తేలిక. అయితే ఏడాది చివరి విరాళాలు అప్పుడే వస్తాయి, నవంబరు ఉత్తరం ఇద్దరి పేర్ల మీదా వెళ్ళాలి. మధ్యలో ఏ తేదీ పెట్టుకున్నా చివరి ఫారం 990 సంగతి మరవద్దు. అది విలీనమైన తర్వాత ఐదో నెల 15వ తేదీకి వెయ్యాలి. జూన్ 30న కలిస్తే గడువు నవంబరు 15, మామూలుగా వచ్చే మే 15 కాదు. దానికి సంస్థ ముగింపు వివరాలు చెప్పే షెడ్యూల్ ఎన్ జతచెయ్యాలి. మిగిలిన సంస్థ తన షెడ్యూల్ డీలో ఈజ్‌మెంట్ల సంఖ్య, ఎకరాలు, మానిటరింగ్ గంటలు కొత్త మొత్తాలతో చూపించాలి. ఆ అంకె మీ ఒప్పందంలోని జాబితాతో సరిపోతోందా అని మొదటి ఏడాది మీరే సరిచూడండి.

కలిసిన మొదటి 90 రోజుల్లో చెయ్యాల్సినవి: విలీనం సర్టిఫికెట్‌ను ఈజ్‌మెంట్లున్న ప్రతి కౌంటీలో రిజిస్టర్ చేయించడం, లేకపోతే పదేళ్ళ తర్వాత టైటిల్ వెతికేవాడికి మీ పాత పేరే కనిపించి గొలుసు తెగుతుంది. 38 మంది యజమానులకూ ఉత్తరం, వీలైతే దాని వెంటనే పాత వాలంటీరు, కొత్త స్టీవార్డ్ ఇద్దరూ కలిసి వెళ్ళి పలకరించడం. మొదటి మానిటరింగ్ సీజన్ అంతా ఇలా జంటగా తిరిగితే మంచిది. బేస్‌లైన్ అసలు ప్రతుల్ని అగ్నిప్రమాదం సోకని చోటికి మార్చడం, రెండో సెట్టు వేరే భవనంలో ఉంచడం. పాత పోస్టాఫీసు బాక్సు, వెబ్‌సైటు చిరునామా, బ్యాంకులో పాత పేరు మీద చెక్కులు జమచేసుకునే ఏర్పాటు కనీసం ఐదేళ్ళు ఉంచండి. వీలునామా రాసిన లాయరు వెతికేది ఆ పాత పేరునే.